వెదురు తొంభై శాతం పూసింది

వెదురుకు కూడా ఒక సమీక్షా కమిటీ వేసి ఉంటే ఈపాటికి మన అడవులు ఎక్కడో ఉండేవి.

నవ్వకండి, కాస్త ఆలోచించండి. వరి నాలుగు నెలల్లో కోతకొస్తుంది. ఇప్పచెట్టు ఎండలు ముదరగానే, ఎవరూ మెమో ఇవ్వకుండానే, పువ్వు రాలుస్తుంది. తునికి చెట్టు కొట్టిన చోటల్లా కొత్త ఆకు వేస్తుంది. వెదురు ఒక్కటే, నలభై ఏళ్ళకు ఒకసారి పూస్తానని భీష్మించుకుని కూర్చుంది. ఎందుకని? అడిగే నాథుడు లేక! ఆరు నెలలకోసారి పిలిచి, ఎదురుగా నిలబెట్టి, ‘ఇప్పటికి ఎంత శాతం పూశావు?’ అని అడిగితే ఐదేళ్ళలో చచ్చినట్టు పూసి ఉండేది.

వెదురుకు లేని ఆ భాగ్యం మన పరిశోధక విద్యార్థులకు ఉంది. పీహెచ్‌డీ చేసేవాడు సకాలంలో డిగ్రీ పుచ్చుకుని బయటపడాలని పెద్దలు కనిపెట్టిన సదుపాయం అది. ఏడాదికి రెండు సమీక్షలు, ప్రతి సమీక్షకూ ఐదు కాపీలు, ప్రతి కాపీకీ నాలుగు సంతకాలు. గిట్టనివాళ్ళు కొందరుంటారు. మొలకను రోజూ పీకి వేరు చూసి మళ్ళీ పాతిపెడితే అది బతుకుతుందా అని అడుగుతారు. ఏం మాట అది? పీకి చూడకపోతే బతికిందని రుజువేమిటి?

నమ్మకం లేనివాళ్ళు ఆరోగ్యం అనే కుర్రాడి కథ వినాలి.

ములకలపల్లి మండలంలో రేలగుంపు అని ఒక ఊరు. ముప్ఫై గడపలు. తారురోడ్డు ఊరికి రెండు కిలోమీటర్ల అవతలే ఆగిపోతుంది, ఇక మీదట అడవిది అన్నట్టు. ఆ ఊళ్ళో ఎమ్మెస్సీ దాకా చదివిన మొదటి మనిషి ఆరోగ్యం, ఇన్నమ్మ కొడుకు. మాట తక్కువవాడు. బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే చిల్లర చేతిలో పెట్టి రోడ్డు కేసి చూసే రకం. చూడవలసినవన్నీ చూస్తాడు, చెప్పవలసినవాటిలో సగం చెబుతాడు.

2002 జులైలో ఆరోగ్యం పీహెచ్‌డీకి రిజిస్టరు అయ్యాడు. అంశం వెదురు పూత. వెదురు పూస్తే ఒక చెట్టూ రెండు చెట్లూ కాదు, గుట్ట గుట్టంతా పూస్తుంది, గింజ రాలుస్తుంది, చచ్చిపోతుంది. పూతకు ముందూ, పూతలోనూ, పూత తర్వాతా ఒకే పొదలను వరసగా చూసి రాసినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. పక్క ఊరి ముసలమ్మ కన్నమ్మ, తన పెళ్ళయిన ఏడే వెదురు బియ్యం వండుకు తిన్నామని చెప్పింది. ఆమె పెద్దకొడుకు వయసు ఆనవాలుగా చూస్తే వెదురు పూసి అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. అంటే ఇవాళో రేపో పూయాలి. గైడుగారు కూడా, ‘బాగుంది, పట్టుకో’ అన్నారు.

లోపమల్లా ఒక్కటే. నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గడువు ఐదేళ్ళు, బతిమాలితే ఇంకొక ఏడాది. ఈ సంగతి వెదురుకు ఎవరూ లిఖితపూర్వకంగా తెలియజేయలేదు.

మొదటి సమీక్ష 2003 జనవరిలో జరిగింది. కమిటీలో ముగ్గురు. కన్వీనర్‌గారు నాచు మీద డాక్టరేటు చేశారు. సీసాలో వేసి మూత పెడితే తెల్లారేసరికి రెండింతలయ్యే నాచు. రెండో సభ్యుడు తొంభై రోజుల వరి మీద చేశారు. ఆయన్ను అందరూ వరి సార్ అనేవారు. మూడో ఆయన ఆరోగ్యం గైడుగారే. ఆయన అప్పటికి తన రిటైర్మెంటు మీద పరిశోధనలో ఉన్నారు.

సమీక్ష ఫారం మూడో పేజీలో ఒక గడి ఉంటుంది. ‘గత ఆరు నెలల్లో సాధించిన ప్రగతి, శాతంలో.’ ఆరోగ్యం ఆ గడిలో ‘పూయలేదు’ అని రాశాడు.

“ఇది శాతం కాదయ్యా,” అన్నారు కన్వీనర్‌గారు.

“సున్నా సార్.”

“సున్నా అంటే ప్రగతి లేదన్నమాట.”

“పూయలేదన్నమాట సార్.”

“మరి ఆరు నెలలూ ఏం చేసినట్టు?”

నూట పన్నెండు పొదలకు నంబర్లు వేశాడు. ఏ పొదలో ఎన్ని బొంగులు, వానలకు నేలలోంచి ఎన్ని లేత కొమ్ములు లేచాయి, వాటిలో ఎన్నిటిని దుప్పులు కొరికాయి, ఏ వైపు పొద ముందు ఆకు రాల్చింది, అన్నీ నాలుగు నోటుపుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాలు సంచిలో ఉన్నాయి. ఆరోగ్యం వంగి తీయబోయాడు.

“అవి అనుబంధాలు. అనుబంధాలు సమీక్షలోకి రావు,” అన్నారు వరి సార్.

బయటికొచ్చాక గైడుగారు వరండాలో భుజం మీద చెయ్యి వేసి కిటుకు చెప్పారు. “చూడు నాయనా, గడి ఖాళీగా ఉండకూడదు, అంకె వెనక్కి పోకూడదు. ప్రతిసారీ ఒక పది కలుపుకుంటూ పో. మిగతాది వెదురు చూసుకుంటుంది.”

ఆ జులైలో ఆరోగ్యం పది అని రాశాడు. రాసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది. కమిటీ ఆగలేదు. ‘సంతృప్తికరం’ అని సంతకాలు చేసింది. మరుసటి జనవరికి ఇరవై. ఆ తర్వాత ముప్ఫై. ‘పూతకు అనుకూల పరిస్థితులు ఏర్పడుతున్నవి’ అని కింద ఒక వాక్యం కూడా పెట్టమన్నారు, పెట్టాడు. యాభై వచ్చిన రోజున కన్వీనర్‌గారు టీ తెప్పించారు.

“చూశావా, మేం అడగబట్టే కదా సగం పూసింది!” అన్నారు.

అడవిలో మాత్రం నూట పన్నెండు పొదలూ పచ్చగా, నిబ్బరంగా ఉన్నాయి. ఒక్క మొగ్గ లేదు.

ఇంకొక మేలు కూడా చెప్పాలి. వెదురుకు కొత్త కొమ్ములు లేచేది వానకాలం మొదట్లో, పూత అంటూ వస్తే అది చలికాలంలో. సమీక్షలు జులైలో, జనవరిలో. ఇంత చక్కగా కుదిరిన ముహూర్తం పంతులుగారు పెట్టినా కుదరదు! సమీక్షకు ముందు ఒక నెల కాగితాలకు పోతుంది. గైడుగారి సంతకానికి ఒకసారి, విభాగాధిపతి సంతకానికి ఒకసారి, ఆయన ఊళ్ళో లేకపోతే మరొకసారి. ములకలపల్లిలో స్పైరల్ బైండింగ్ లేదు కనుక దానికి కొత్తగూడెం. సమీక్ష అయ్యాక లోపాల సవరణకు ఇంకొక నెల. అడవిలో చూడవలసిందంతా ఆ రెండు నెలల్లోనే జరిగిపోయేది. ఫీల్డువర్కు ఎందుకు వెనకబడిందని ఒకసారి అడిగారు.

“సమీక్షకు వచ్చిన సార్,” అన్నాడు ఆరోగ్యం.

‘విద్యార్థి సమీక్షలకు క్రమం తప్పక హాజరవుతున్నాడు’ అని మినిట్స్‌లో రాసుకున్నారు. చూశారా, ఏ జవాబులోనైనా మంచినే ఏరుకునే గుణం!

ఇక ఇంటి సంగతి. ఇన్నమ్మకు వెదురు పూత అంటే హడలు. వెదురు పూస్తే గింజ రాలుతుంది, గింజకు ఎలుకలు దండు కడతాయి, గింజ అయిపోయాక ఆ దండు చేల మీద పడుతుంది, తర్వాత కరువు. ఇది ఆమె తల్లి చెప్పిన మాట. ఆమె తల్లికి ఆమె తల్లి చెప్పింది. అందుకని ఇన్నమ్మ ఆదివారం చర్చిలో పూజకు పోయినప్పుడల్లా వెదురు పూయకూడదని ఫాదర్‌గారితో ప్రార్థన చెప్పించుకునేది. ఆరోగ్యం నోటితో అడగలేక, వెదురు పూయాలని ఒక చీటీ రాసి పంపేవాడు. ఫాదర్‌గారు నిష్పక్షపాతి. ఒక ఆదివారం రెండూ ఒకేసారి చదివేశారు.

“ఇన్నమ్మ కోరిక ప్రకారం వెదురు పూయకుండునట్లును, ఆమె కుమారుడు ఆరోగ్యం కోరిక ప్రకారం వెదురు పూయునట్లును, ప్రభువును వేడుకొందము.”

జనం రెండింటికీ కలిపి ‘మా మనవి ఆలకించుము’ అన్నారు.

ఆ రోజు ఇంటికొచ్చే దారిలో తల్లీకొడుకులు మాట్లాడుకున్నారు.

“పువ్వు పూయకుండ డిగ్రీ ఇయ్యరా బిడ్డా?”

“ఇప్పటికి డెబ్బై శాతం అట్లనే ఇచ్చిన్రమ్మా.”

“గంత ఇచ్చినోళ్ళు ఇంగో ముప్ఫై ఇయ్యరా?”

“అడుగుత.”

ఆ ఏడాది వాళ్ళిద్దరి మధ్యా జరిగిన పెద్ద సంభాషణ అదే.

ఆరోగ్యంతో అడవికి తోడు పోయేవాడు పక్కింటి వీరన్న. వరసకు మామ అని పిలుపు. అడవి దారులన్నీ ఆయన కాళ్ళకు తెలుసు. పొదలకు నంబర్లు వేసిన రంగు డబ్బా ఆరేళ్ళూ మోసింది ఆయనే. ఆయనకు పీహెచ్‌డీ అంటే ఏమిటో తెలియదు, కానీ చూపు గట్టిది. తన కళ్ళతో చూసినదాన్నీ, ఆరోగ్యం నోట విన్న కాస్తనూ బట్టి సంగతి ఎప్పుడో అర్థం చేసుకున్నాడు.

ఒక మనిషి ఆరు నెలలకోసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితాల కట్ట చంకలో పెట్టుకుని పట్నం పోతాడు. పదకొండు గంటలకు ముగ్గురి ముందు నిలబడతాడు. వాళ్ళు ఏదో అడుగుతారు, ఇతను తల దించుకుని ఏదో చెబుతాడు. మళ్ళీ తారీఖు ఇచ్చి పంపిస్తారు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినడు. అడవి అంచు ఊళ్ళలో పుట్టినవాడికి దీని పేరు ఒకరు చెప్పాలా?

“అల్లుడా, వెదురు కేసేనా?” అని ఒకనాడు నెమ్మదిగా అడిగాడు వీరన్న.

“కేసు కాదు మామా.”

వీరన్న తల ఊపాడు. కేసున్నవాళ్ళందరూ మొదట అదే అంటారు.

“పోనియ్. ఎన్ని వాయిదాలు అయినయ్?”

ఆరోగ్యం లెక్క చూసుకున్నాడు. “తొమ్మిది.”

“బొంగులు కొట్టిండని మన భీమ్లా మీద ఫారెస్టోళ్ళు పెట్టిన కేసు పదకొండు వాయిదాలకు కొట్టేసిన్రు. నీది గూడ అయితది, రంది పడకు. సాక్ష్యం గావాల్నంటే నేనున్న.”

ఇది 2007 జనవరి మాట. జులైలో ఆరోగ్యం తొంభై అని రాశాడు. ఐదేళ్ళ గడువు అయిపోయింది. బతిమాలి ఏడాది పొడిగింపు తెచ్చుకున్నాడు. వచ్చే జులై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ళ నడక గంగపాలు. ఇంక పది శాతమే కదా అని కమిటీ ధైర్యం చెప్పింది. మీరే చెప్పండి, ఇంక పదే మిగిలిన మనిషికి బెంగ ఎందుకు?

డిసెంబరు రెండో వారంలో, రాళ్ళవాగు దాటాక అరవై ఒకటో నంబరు పొద దగ్గర, ముందు నడుస్తున్న వీరన్న ఆగిపోయాడు.

పొద ఆకు రాల్చేసి ఉంది. ప్రతి గణుపు దగ్గరా ఎండిన ముళ్ళ బంతుల్లాంటి గుత్తులు. దగ్గరికి పోయి చూస్తే వాటి అంచున సన్నటి పసుపు పోగులు వేలాడుతున్నాయి, గాలి లేకపోయినా కదులుతున్నాయి. ఆరోగ్యం కింద కూచున్నాడు. చాలాసేపటికి నోటుపుస్తకం తీసి, తారీఖు వేసి, ‘పూసింది’ అని రాశాడు. ఆరేళ్ళలో ఆ మాట రాయడం అదే మొదలు.

“అమ్మకు చెప్పకు మామా, జడుసుకుంటది,” అన్నాడు.

“నేనెవలకు చెప్త,” అన్నాడు వీరన్న. ఆయన ఊళ్ళో కూడా ఎవరికీ చెప్పలేదు. కేసులో ఉన్న మనిషి దాచమన్నది దాచాలి.

క్రిస్మస్ నాటికి నలభై ఒక్క పొదలు పూశాయి. నూట పన్నెండులో నలభై ఒకటి అంటే ముప్ఫై ఏడు శాతం. జనవరి సమీక్షకు పంపవలసిన ఫారం ముందు పెట్టుకుని ఆరోగ్యం ఒక పూటంతా కూచున్నాడు. గైడుగారి మాట తెలుసు. అంకె వెనక్కి పోకూడదు. నూరు అని రాస్తే గొడవ లేదు. కానీ ఇప్పుడు నిజంగా పూసింది. కళ్ళారా చూసినదాని పక్కన అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. గడిలో ముప్ఫై ఏడు అని రాసి పోస్టు చేశాడు.

కమిటీలో గగ్గోలు! జులైలో తొంభై శాతం పూసిన వెదురు జనవరికి ముప్ఫై ఏడుకు ఎలా పడిపోతుంది? యాభై మూడు శాతం పువ్వు ఏమైంది? తిరిగి మొగ్గలోకి పోయిందా? ఆరేళ్ళలో మొదటిసారి అంకె వెనక్కి నడిచింది. ఇంతటి విషయాన్ని కాగితం మీద తేల్చలేమని, స్వయంగా పోయి చూడాలని తీర్మానించారు. అడవికి కమిటీ! ఆనందించవలసిన విషయమా కాదా?

విద్యార్థి దగ్గరుంటే స్థానికులను ప్రభావితం చేస్తాడు కనుక అతను లేనప్పుడు చూడాలన్నారు. అందుకని ఆరోగ్యానికి ఒక లెటరు వెళ్ళింది. జనవరి ఇరవై మూడున పదకొండు గంటలకు, సంజాయిషీ ఐదు కాపీలతో, యూనివర్సిటీలో హాజరు కావాలి. అదే ఇరవై మూడున, రిటైరైన గైడుగారు పోను, కన్వీనర్‌గారూ వరి సారూ జీపులో రేలగుంపు బయల్దేరారు.

ఆరోగ్యం పదకొండింటికి పోతే గది తాళం వేసి ఉంది. బల్ల మీద కూచున్నాడు. రెండింటికి అటెండరు సమ్మయ్య వచ్చి చూశాడు.

“ఎవల కోసమే?”

“కమిటీ సార్ల కోసం.”

“సార్లు నీ ఊరే పోయిన్రు గదా. నీకు తెల్వదా ఏంది?”

ఆరోగ్యం లేచి నిలబడ్డాడు. తర్వాత, పోయినా అందుకోలేనని తెలిసి, మళ్ళీ కూచున్నాడు.

రేలగుంపులో జీపు చింతచెట్టు దాకా వచ్చి ఆగింది. అక్కడినుంచి పొదలున్న చోటికి వాగు దాటి నాలుగు కిలోమీటర్లు నడవాలి. కన్వీనర్‌గారు దారి వంక చూశారు, తన బూట్ల వంక చూశారు. స్థానిక విచారణ సరిపోతుందన్నారు. కుర్చీలు తెచ్చారు. ముందు ఇన్నమ్మను పిలిచారు.

“అమ్మా, మీ అడవిలో వెదురు పూసిందా?”

“పూయలే సార్, ప్రభువు దయ వల్ల,” అంది ఇన్నమ్మ. ఆమెకు తెలిసింది అంతే. దండం పెట్టి, సార్లకు మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది.

తర్వాత వీరన్న. ఆయన దూరం నుంచే జీపును చూశాడు, కాగితాలు చూశాడు, పెన్నులు చూశాడు. అల్లుడి కేసులో తన వంతు వచ్చిందని తెలిసిపోయింది. తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

“ఆరోగ్యం తెలుసా?” అన్నారు కన్వీనర్‌గారు.

“తెల్వకేంది సార్. బంగారమసుంటి పిల్లగాడు.”

“అడవికి పోతుంటాడా?”

“ఎన్నడు పోడు సార్. వాగు దాటి ఎరుగడు.”

కన్వీనర్‌గారు వరి సార్ వంక చూశారు.

“వెదురు మీద పనిచేస్తున్నానని మాకు ఆరేళ్ళుగా చెబుతున్నాడే?”

“వెదురా? యేసుప్రభువు మీద ఒట్టు సార్. నా దేవుడు వేరు గాని, ఆ పిల్లగాని దేవుని మీదనే పెడుతున్న. ఒక్క బొంగు ముట్టలే.”

“పొదలకు నంబర్లు వేశానన్నాడు. ఎవరు వేశారు?”

“ఎవలో బయటోళ్ళేసిన్రు సార్. మాకు సదువు రాదు.”

“సరే, వెదురు పూసిందా లేదా?” అన్నారు వరి సార్.

వీరన్న ఒక్క క్షణం ఆలోచించాడు. సాక్ష్యం చెబితే సందు లేకుండా చెప్పాలి.

“మా అడవిల వెదురే లేద్సార్,” అన్నాడు.

చెబుతూ వెదురు తడికకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన నెత్తి మీద వెదురు చూరు, పక్కన వెదురు గాదె, కాళ్ళ దగ్గర వెదురు బుట్ట కింద కోడిపిల్లలు. సార్లు రాసుకుంటున్నారు, తల ఎత్తలేదు. రాసినదాని కింద వీరన్న వేలిముద్ర తీసుకున్నారు. మజ్జిగ తాగి, జీపెక్కారు. ఆరేళ్ళ సమీక్షల్లో అడవి గురించి కమిటీ స్వయంగా సేకరించిన సమాచారం అదొక్కటే. దానికి విలువ ఎంతుంటుందో మీరే ఊహించుకోండి!

మర్నాడు ఆరోగ్యం బస్సు దిగేసరికి వీరన్న తారురోడ్డు దాకా ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“అల్లుడా, ఇగ నీకు ఏ ఫికర్ లేదు. జీపుల పెద్దసార్లు వచ్చిన్రు. నువ్వు అడవి మొకం చూడలేదని చెప్పిన. వెదురు ముట్టలేదని చెప్పిన. వేలిముద్ర గూడ ఏసిచ్చిన. కొట్టేస్తరు సూడు.”

వీరన్న సంచి అందుకోబోతే ఆరోగ్యం ఇవ్వలేదు.

“కొట్టేస్తరు మామా,” అన్నాడు.

ఫిబ్రవరిలో కొట్టేశారు. ఆర్డరు పద్ధతిగా ఉంది. విద్యార్థి సమర్పించిన మొదటి పది నివేదికలూ సంతృప్తికరం. పదకొండోది అబద్ధం. అబద్ధపు నివేదిక ఇచ్చినందున రిజిస్ట్రేషన్ తక్షణం రద్దు. పువ్వు లేనప్పుడు పది నుంచి తొంభై దాకా రాసినవన్నీ నిజాలు, పువ్వు చూసి రాసిన ముప్ఫై ఏడు అబద్ధం. ఇందులో అర్థం కానిదేమైనా ఉందా?

ఆ ఆర్డరును ఆరోగ్యం ముక్క ముక్కగా చదివి చెబితే, వీరన్న అరుగు మీద కూచుని విన్నాడు. విన్నాక తల పట్టుకున్నాడు. కేసు అని నమ్మిన మనిషికి అది చదువు అని ఆ రోజు తెలిసింది. ఇన్నమ్మకు వెదురు పూసిందని ఆ రోజు తెలిసింది. ఎవరి బాధ వాళ్ళకు పెద్దదే. ముందు తేరుకున్నది ఇన్నమ్మే.

“పూసిందేదో పూసింది. ఎలుకలొస్తే కొట్టుకుందం. అది చూపించి డిగ్రీ అన్న తెచ్చుకోపో బిడ్డా,” అంది.

“నేనొస్త,” అన్నాడు వీరన్న. “నా నోటితోని పోయింది, నా నోటితోనే తెస్త.”

మార్చిలో ఇద్దరూ పోయారు. వీరన్న ఒక నిలువెత్తు పూత కొమ్మ కొట్టి, చీరముక్క చుట్టి, బస్సు టాపు మీద పెట్టనివ్వక ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఆ రోజు కమిటీ కూర్చుని ఉంది. కొమ్మను బల్ల మీద, ఫైళ్ళ మధ్య, పడుకోబెట్టాడు. అప్పటికే గింజ పట్టింది. కొమ్మ కదిలినప్పుడల్లా గింజలు టపటప రాలుతున్నాయి.

“ఆనాడు నేను అబద్ధం చెప్పిన సార్,” అన్నాడు వీరన్న.

“ఏది అబద్ధం? ఆనాడు చెప్పిందా, ఇప్పుడు చెబుతున్నదా?”

“ఆనాటిది సార్.”

“ఆనాటిదానికి వేలిముద్ర ఉందే,” అన్నారు కన్వీనర్‌గారు, విచారంగానే.

వీరన్న తన బొటనవేలి వంక చూసుకున్నాడు. ఫైలు మీద పడ్డ గింజలను వరి సార్ అరచేత్తో తుడిచేశారు. ఎన్నో గింజలు చూసిన చెయ్యి అది. ఒక్కటి ఎత్తి చూడలేదు. ఆ రోజు ఎజెండాలో వెదురు లేదు మరి. ఎజెండాలో ఉన్నది ఆ ఏడాది ఫలితాలు. విభాగంలో గడువు దాటిన విద్యార్థి ఒక్కడు కూడా మిగల్లేదు. దాటబోతున్నవాడిని ఫిబ్రవరిలోనే తీసేశారు కనుక, ఉన్నవాళ్ళంతా సకాలంలో ముగించినవాళ్ళే. నూటికి నూరు! కమిటీకి పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఫ్రేము కట్టించడానికి గోడ మీద చోటు చూస్తున్నారు.

అయినా కన్వీనర్‌గారు కఠినులు కారు. వెళ్ళబోతున్న ఆరోగ్యాన్ని ఆపారు.

“నిరాశ పడకు. రిజిస్ట్రేషన్ పోయిందంతే, తలుపులు మూయలేదు. ఈసారి వెదురు పూసే ముందు కొత్తగా దరఖాస్తు పెట్టుకో.”

“మళ్ళ పూసేది నలభై ఏండ్లకు సార్.”

“ఫర్వాలేదు. పీహెచ్‌డీకి వయోపరిమితి లేదు.”

ఆరోగ్యం కొమ్మ వంక చూశాడు. ఆరేళ్ళలో కమిటీని అతను తిరిగి అడిగిన ప్రశ్న ఒక్కటే.

“రేపే పెట్టుకుంటే, అప్పటిదాంక ఆర్నెల్లకోసారి రావాల్నా సార్?”

కన్వీనర్‌గారు దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. నిబంధనల పుస్తకం తెప్పించారు. కళ్ళజోడు మార్చుకుని, రెండు పేజీలు వేలు పెట్టి చదివారు.

“రావాలి,” అన్నారు.

ఆరోగ్యం ఆ పూటే బస్సెక్కాడు. గింజ రాలే రోజులు. రాలింది రాలినట్టు ఎవరో ఒకరు చూడాలి. వీరన్న ఖాళీ చీరముక్క మడిచి పట్టుకుని వెనక నడిచాడు.

ఇప్పుడు చెప్పండి, సమీక్ష వరం కాదా? ఒక విద్యార్థి కోసం నలభై ఏళ్ళు, ఎనభై సార్లు, కుర్చీలు వేసుకుని కూర్చోవడానికి సిద్ధపడ్డ కమిటీ అది. ఎంత ఓపిక! ఆ ఓపికలోంచి ఒక్క పూట తీసి, ఆ జనవరిలో వాగు దాటి నాలుగు కిలోమీటర్లు నడవమంటే మాత్రం వాళ్ళేం చేస్తారు? నడిచి చూడడానికి ఫారంలో గడి లేదు.